నాచు తింటే బి12 వస్తుందా?

పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశానని ఇంట్లో చెప్పిన రోజు అమ్మో, అత్తగారో అడిగే మొదటి మాట, ‘మరి ఒంటికి బలం ఎలా?’ అని. అడగాల్సిన మాటే. మాంసకృత్తులకు కందిపప్పు, పెసలు, వేరుసెనగలు ఉన్నాయి. కాల్షియానికి రాగులు, నువ్వులు ఉన్నాయి. విటమిన్ ఎ కావాలంటే మునగాకు, తోటకూర. విటమిన్ సి కావాలంటే ఉసిరి, జామ. ఇంతవరకూ మన వంటింట్లోనే దొరుకుతాయి. బండి ఆగేది బి12 దగ్గర.

ఆ లోటు పూడ్చడానికి ఈమధ్య అందరూ చెబుతున్న పేరు సముద్రపు నాచు. సుషీకి చుట్టే నల్లటి నోరి రేకులు, కెల్ప్ పొడి, వాటితో పాటు స్పైరులీనా మాత్రలు కూడా ‘సహజమైనది, మందులతో పనిలేదు’ అంటూ అమ్ముడవుతున్నాయి. ఈ మాటల్లో నిజం ఉంది, సగం నిజం ఉంది, శుద్ధ అబద్ధమూ ఉంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. నాచును ఆధరువుగా హాయిగా తినండి. బి12 కోసం మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఎందుకంటున్నానో తెలియాలంటే ఈ విటమిన్ ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి.

తయారుచేసేది సూక్ష్మజీవులే

బి12ను ఏ మొక్కా తయారు చేయదు. ఏ జంతువూ చేయదు. కోబాల్టు అనే లోహాన్ని నడుమ పెట్టుకున్న ఈ అణువును అల్లగలిగేవి బాక్టీరియా, వాటికి దగ్గరి పోలికలున్న ఆర్కియా మాత్రమే. ఆవు, గేదె పాలలో అది ఉందంటే వాటి పొట్టలోని మొదటి అరలో సూక్ష్మజీవులు తయారుచేసి పెట్టాయని అర్థం. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 2.2 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. ఇంత చిన్న మోతాదు కోసం ఇంత గొడవేమిటనిపిస్తుంది. కానీ ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు సరిగ్గా తయారవ్వాలన్నా, నరాల మీది పొర చెడిపోకుండా ఉండాలన్నా ఆ కాస్తా కావాల్సిందే.

నాచుకూ ఇది సొంత సరుకు కాదు. సముద్రంలో దాన్ని అంటిపెట్టుకుని బతికే బాక్టీరియా నుంచి అది బి12ను అరువు తెచ్చుకుంటుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపింది. ఒకచోట కోసిన నాచులో దండిగా ఉండి, ఇంకోచోట కోసినదానిలో అంతంతమాత్రంగా ఉండడానికి ఇదో కారణం. ప్యాకెట్ మీది అంకె ఏదో ఒక పంటకు, ఏదో ఒక పరీక్షకు సంబంధించినది. మీ చేతిలో ఉన్న రేకుకు అది పూచీ కాదు.

కొలిచే పద్ధతిలోనే తిరకాసు

ఆహారంలో బి12 ఎంతుందో పాతకాలంలో ఒక రకం బాక్టీరియాతో కొలిచేవారు. ఆహారపు సారం ఇస్తే ఆ బాక్టీరియా ఎంత పెరిగిందో చూసి, దాన్నిబట్టి విటమిన్ ఇంత అని రాసేవారు. చిక్కేమిటంటే, అచ్చం బి12 లాగే ఉండి, అడుగున ఒక చిన్న ముక్క మాత్రం తేడాగా ఉండే అణువులు కొన్ని ఉన్నాయి. వాటితోనూ ఆ బాక్టీరియా పెరుగుతుంది. మన కడుపులో బి12ను పట్టుకుని పేగుల దాకా చేరవేసే ఒక ప్రోటీన్ ఉంది. అది మాత్రం ఈ నకిలీ సరుకును పెద్దగా పట్టించుకోదు. అలా లేబుల్ మీద కొండంత కనిపించేది ఒంట్లో గోరంత కూడా పనిచేయదు.

స్పైరులీనా సంగతి ఇదే. అది సముద్రపు నాచు కూడా కాదు. చెరువు నీళ్లలో, తొట్లలో పెరిగే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవి. అందులో ఉన్నది చాలావరకు ఈ నకిలీ బి12 అని జపాన్ శాస్త్రవేత్తలు 1999లోనే తేల్చారు. మాంసకృత్తుల కోసం తీసుకుంటే మీ ఇష్టం. బి12 కోసమైతే ఆ ఖర్చు దండగ.

నోరి కథ కొంచెం మెరుగు. అందులో అసలు బి12 ఉంది. ఎండిన నోరి 4 గ్రాములు తింటే రోజుకు సరిపడా అందుతుందని 2014లో జపాన్ పరిశోధకులు లెక్కగట్టారు. సుషీకి వాడే ఒక పెద్ద రేకు బరువు దాదాపు 3 గ్రాములు. అంటే కాగితం మీద లెక్క ఒకటిన్నర రేకులతో ముగిసిపోతుంది.

కానీ 1991లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనాన్ని పక్కన పెట్టడం నాకు చేతకావడం లేదు. జంతు సంబంధమైన ఆహారం దాదాపుగా ముట్టని కుటుంబాల పిల్లలకు, అప్పటికే బి12 లోపం ఉన్నవాళ్లకు, నోరి, స్పైరులీనా పెట్టి చూశారు. రక్త పరీక్షలో బి12 అంకె పెరిగింది. ఎర్ర రక్తకణాల పరిమాణం మాత్రం బాగుపడకపోగా ఇంకాస్త చెడింది. చేపలు తిన్న పిల్లల్లో రక్తం కుదుటపడింది. రిపోర్టు బాగుంది గానీ పిల్లలు బాగుపడలేదన్నమాట. ఈమధ్య తైవాన్‌లో శాకాహారులకు కొన్ని వారాలపాటు రోజూ నోరి ఇచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఫలితాలు ఆశాజనకంగానే వచ్చాయి. నోరి మీద కేసు కొట్టేయలేదు, అలాగని గెలవనూ లేదు. తీర్పు రాని కేసు మీద మీ నరాలను పందెం కట్టకండి.

భీమవరం మనిషి నుంచి ఒక హెచ్చరిక

బి12 లోపంలో మోసం ఎక్కడుందో చెప్పాలంటే ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తలుచుకోక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పెద్ద పెద్ద రక్తకణాలతో వచ్చే రక్తహీనతకు అది గొప్ప మందైంది. కొద్దికాలానికే వైద్యులు ఒక సంగతి గమనించారు. బి12 లోపంతో రక్తహీనత వచ్చినవాళ్లకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడుతోంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉన్నాయి. బి12ను ఎర్రటి స్ఫటికాలుగా వెలికితీసింది 1948లో, అమెరికాలో మెర్క్ సంస్థ, ఇంగ్లండ్‌లో గ్లాక్సో సంస్థ దాదాపు ఒకేసారి. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఈ చరిత్ర మనకెందుకంటే, పప్పులు, ఆకుకూరలతో నిండిన శాకాహార భోజనంలో ఫోలేట్‌కు కొదవ ఉండదు. కాబట్టి బి12 తగ్గుతున్నా రక్తం చాలాకాలం బాగానే కనిపించవచ్చు. ‘హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంది, నాకేం తక్కువ’ అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. పైగా కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్లపాటు సరిపోతుంది. పాలు మానేసిన మొదటి రెండేళ్లూ చాలామందికి ఏమీ అయినట్టు తెలియదు. ఏమీ కాలేదు కదా అన్న ధీమా ఆ రెండేళ్లలోనే పెరుగుతుంది.

తర్వాత మెల్లగా మొదలవుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం. నాలుక నున్నగా, ఎర్రగా మారి కారం తగిలితే భగ్గుమనడం. చీకట్లో నడిస్తే తూలడం. మతిమరుపు, చిరాకు. వీటిని వయసు మీదకో, పని ఒత్తిడి మీదకో తోసేయడం మనకు అలవాటు. మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, ఎసిడిటీ మాత్రలు రోజూ మింగేవాళ్లలో బి12 ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది. తిమ్మిర్లను షుగర్ ఖాతాలో వేసేసి ఊరుకోవద్దు.

అయోడిన్: నాచు నిజంగా ఇచ్చేది

నాచు మాట తప్పకుండా ఇచ్చే పోషకం ఒకటుంది, అయోడిన్. అసలు అయోడిన్ అనే మూలకం మనిషి కంటపడిందే నాచు బూడిదలో. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కూర్తువా అనే రసాయన వ్యాపారి ఆ బూడిదతో పనిచేస్తుంటే ఊదారంగు ఆవిరి పైకి లేచింది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. మన ఇళ్లలో అది అయోడైజ్డ్ ఉప్పుతో వచ్చేస్తుంది.

ఇప్పుడు ఫ్యాషన్‌గా సైంధవ లవణానికో, ‘సహజమైన’ రాళ్ల ఉప్పుకో మారినవాళ్ల సంగతి వేరు. సముద్రపు ఉప్పే కదా, అయోడిన్ ఉండదా అంటారు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పుమడిలో ఆరిన ఉప్పులో మిగిలేది లెక్కలోకి రాదు, విడిగా కలపాల్సిందే. పాలూ చేపలూ ముట్టక, అయోడిన్ లేని ఉప్పు వాడుతున్న ఇంట్లో నాచు నిజంగా ఉపయోగపడుతుంది. ఒక నోరి రేకులో రోజు అవసరంలో మూడో వంతో, అంతకన్నా ఎక్కువో దొరుకుతుంది.

అతి ఎక్కడైనా చేటే, నాచు విషయంలో మరీనూ. నోరిలో అయోడిన్ తక్కువ, వకామే అనే రకంలో మధ్యస్థం. జపాన్ వాళ్లు పులుసు నీళ్ల కోసం వాడే కొంబు, అంటే కెల్ప్ జాతి నాచు అయితే, ఒక్క గ్రాములోనే రోజు అవసరానికి పది రెట్లకు పైగా ఉండొచ్చు. కెల్ప్ మాత్రలు, పొడులు కూడా ఈ బాపతే. అయోడిన్ తక్కువైతే థైరాయిడ్ గాడి తప్పినట్టే, ఎక్కువైనా గాడి తప్పుతుంది. కొరియాలో బాలింతకు రోజూ నాచు సూపు తాగించే ఆచారం ఉంది. మనింట్లో బాలింత పథ్యం ఎంత పట్టుగా పెడతారో వాళ్లకు ఇదీ అంతే. దాన్ని లెక్కకు మించి తాగితే తల్లిపాల ద్వారా బిడ్డ థైరాయిడ్ మందగించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, గర్భిణులు, బాలింతలు కొంబు, కెల్ప్ జోలికి పోకుండా ఉండడమే మంచిది. నోరి కూడా డాక్టరుకు చెప్పి తినండి.

మరో రెండు జాగ్రత్తలు. హిజికి అనే నల్లటి తీగల్లాంటి నాచులో విషపూరితమైన ఆర్సెనిక్ రూపం ఎక్కువని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లోనే తినొద్దని చెప్పింది. ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇక నాచులో విటమిన్ కె ఉంటుంది. గుండె ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఉన్నట్టుండి నాచు తినడం మొదలుపెడితే ఆ మందు లెక్క తప్పుతుంది.

మన తీరంలో

రామేశ్వరం, పాంబన్ దగ్గర మత్స్యకార స్త్రీలు తరాలుగా నీళ్లలో మునిగి నాచు కోస్తున్నారు. అది ఎక్కువగా వెళ్లేది భోజనంలోకి కాదు, ఫ్యాక్టరీలకు. మనం పుడ్డింగుల్లో వేసే చైనా గ్రాస్ అక్కడ దొరికే ఒక రకం ఎర్ర నాచు నుంచే వస్తుంది. అదీ నాచే కదా, విటమిన్లు ఉంటాయా అని అడిగేవాళ్లున్నారు. లెక్కపెట్టదగ్గవేమీ ఉండవు. అది పీచు, గడ్డకట్టించే గుణం, అంతే. నాచు సాగును పెంచడానికి కేంద్రం 2020లో మత్స్య సంపద పథకం కింద 640 కోట్ల రూపాయలు కేటాయించింది.

విశాఖ తీరపు బండల మీద ఉల్వా అనే పచ్చని రకం, నోరి జాతికే చెందిన పోర్ఫైరా పెరుగుతాయని వృక్షశాస్త్రవేత్తలు ఏనాడో నమోదు చేశారు. అది చదివి సంచి పట్టుకుని బీచికి బయల్దేరకండి. నాచు చుట్టూ ఉన్న నీళ్లలోంచి భార లోహాలను పీల్చుకుంటుంది. ఊరి మురుగు, ఓడరేవు నీళ్లు కలిసే చోట పెరిగినది కూరకు పనికిరాదు.

ఇక జపాన్‌లో నోరి సాగు చాలాకాలం గాలిలో దీపమే. విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుందో రైతులకు తెలియదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పనిచేసిన కాథ్లీన్ డ్రూ బేకర్, ఈ జాతి నాచు తన జీవితంలో ఒక దశను గవ్వల పెంకుల్లో దాక్కుని గడుపుతుందని 1949లో కనిపెట్టింది. ఆ తర్వాతే సాగు స్థిరపడింది. కుమమోతో ప్రాంతంలోని ఉతో పట్టణంలో ఏటా ఏప్రిల్ 14న ఆమెను ‘సముద్ర మాత’గా తలుచుకుంటారు. ఆమె జపాన్ గడ్డ మీద ఎన్నడూ కాలు పెట్టలేదు.

వంటింట్లోకి

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో నాచు ఒక్కటే ఉంటే మంచిది. చిప్స్‌లా అమ్మే ‘సీవీడ్ స్నాక్స్’లో నూనె, ఉప్పు, చక్కెర ఉంటాయి, కొన్నింటిలో చేప, రొయ్య సారం కూడా కలుపుతారు. శాకాహారులు ఆకుపచ్చ చుక్క చూడకుండా కొనొద్దు. ఏ జాతి నాచో రాయకుండా ఉత్త ‘సీవీడ్ పొడి’ అని ఉంటే అక్కడే పెట్టేయండి.

కాల్చని నోరి రేకు ఊదా కలిసిన నలుపులో ఉంటుంది. దాన్ని పట్టకారుతో పట్టుకుని, సన్నటి సెగకు జానెడు ఎత్తున అటూ ఇటూ నాలుగైదు సార్లు ఆడించండి. చూస్తుండగానే నలుపు విరిగి ముదురాకుపచ్చ తిరుగుతుంది, సముద్రపు వాసన వేయించిన వాసనలోకి మారుతుంది. అప్పుడే దించేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు. కాల్చిన రేకులనే కొంటే ఈ పని ఉండదు.

మన నాలుకకు నచ్చేలా తినాలంటే పొడి కొట్టుకోవడం తేలిక. నాలుగు చెంచాల నువ్వులు, నాలుగు ఎండుమిర్చి దోరగా వేయించి, చల్లారాక చిన్న వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి బరకగా తిప్పండి. చివర్లో రెండు నోరి రేకులు చేత్తో నలిపి కలపండి. నోరిలో కొంత ఉప్పుదనం ఉంటుంది కాబట్టి ఉప్పు తగ్గించే వేయండి. వేడన్నంలో ఈ పొడి, పైన నువ్వుల నూనె. ఇడ్లీలోకీ బాగుంటుంది. కోస్తా ఊళ్ల తేమకు నోరి మెత్తబడిపోతుంది, మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టుకోండి.

వారానికి రెండు మూడు సార్లు తింటే రుచి, అయోడిన్, కొంత పీచు వస్తాయి. విటమిన్ ఎ, సి కోసమైతే నోరి మీద డబ్బు పోయడం అనవసరం. ఒకటి రెండు రేకుల బరువెంత, అందులో వచ్చేదెంత? పెరటి మునగ చెట్టు దాన్ని సునాయాసంగా ఓడిస్తుంది.

బి12కు అలవాటు ఒకటి

బ్రిటన్‌లోని వీగన్ సొసైటీ, 1944 నుంచి పాలు కూడా మానేసే ఈ ఆహార పద్ధతినే ప్రచారం చేస్తున్న సంస్థ, తన సభ్యులకు నాచును నమ్ముకోమని చెప్పదు. బి12 కలిపిన ఆహారం రోజుకు రెండు మూడు సార్లు తినండి, లేదా రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోండి, లేదా వారానికి ఒకసారి 2000 మైక్రోగ్రాములు వేసుకోండి అంటుంది. ఈ అంకెల్లో అంత తేడా ఎందుకని కంగారు పడొద్దు. కడుపులోని ఆ ప్రోటీన్ ఒక విడతలో రెండు మైక్రోగ్రాములకు మించి పట్టుకోలేదు. మిగిలిన దాంట్లో నూటికి ఒక వంతు మాత్రం దానంతటదే ఇంకుతుంది. అందుకే విడతలు తగ్గేకొద్దీ మోతాదు పెంచాల్సి వస్తుంది.

ఈ మాత్రల్లోని బి12 జంతువుల నుంచి తీసింది కాదు, ట్యాంకుల్లో బాక్టీరియాను పెంచి తీస్తారు. ఆవు పొట్టలో జరిగేదే ఇక్కడ ఉక్కు తొట్టెలో జరుగుతోంది. దాన్ని ‘కృత్రిమం’ అని దూరం పెట్టి, వేల మైళ్ల అవతల ఎండబెట్టి ప్లాస్టిక్ కవర్లో వచ్చిన నాచును ‘సహజం’ అనుకోవడంలో నాకు తర్కం కనిపించదు. వారానికొక మాత్ర అయితే ఆదివారం టిఫిన్‌తో ముడిపెట్టుకోండి, మరిచిపోరు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అప్పటికే తిమ్మిర్లు ఉన్నవాళ్లు మోతాదు డాక్టరు చేతే నిర్ణయించుకోవాలి. లోపం ముదిరితే మాత్రలు కాక ఇంజెక్షన్లు అవసరం కావచ్చు.

పరీక్షకు వెళ్లినప్పుడు మీరు నాచు, స్పైరులీనా తింటున్న సంగతి డాక్టరుకు చెప్పండి. నెదర్లాండ్స్ పిల్లల్లో జరిగినట్టు రక్తంలో బి12 అంకె బాగా కనిపించినా అనుమానం ఉంటే, హోమోసిస్టీన్ లేదా మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష రాస్తారు. ఒంటికి బి12 నిజంగా అందుతోందో లేదో వాటిలో బయటపడుతుంది. పాలు మానేసి రెండేళ్లు దాటి, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించుకోనివారు నోరి ప్యాకెట్ కొనే ముందు ల్యాబ్‌కు వెళ్లి రండి.